రాయి నుంచి సిలికాన్ దాకా: మనిషి పనిముట్ల కథలో మన కోనసముద్రం

 

ముందు ఒక చిన్న పని చేయండి. ఈ వీడియో ఏ ఫోన్‌లో చూస్తున్నారో ఆ ఫోన్‌ని ఒకసారి తిప్పి చూడండి. ముందు గాజు. అంచున అల్యూమినియం, లేదంటే ప్లాస్టిక్. లోపల రాగి తీగలు, కొంచెం బంగారం, తగరంతో వేసిన అతుకులు, బ్యాటరీలో లిథియం, చిప్‌లో సిలికాన్. మీ అరచేతిలో పట్టే ఒక్క పనిముట్టులో ఇన్ని పదార్థాలున్నాయి. అసలు ఇవన్నీ మనిషి చేతికి ఎలా వచ్చాయి? ఇవాళ్టి టాపిక్ అదే.

ఈ కథ 33 లక్షల ఏళ్ల కింద మొదలవుతుంది. కానీ నేను మాత్రం రెండు వందల ఏళ్ల కిందటి మన తెలంగాణ ఊరితో మొదలుపెడతాను. ఊరి పేరు కోనసముద్రం, నిజామాబాద్ జిల్లా. 1820 ప్రాంతంలో హెన్రీ వోయ్‌సీ అనే ఆయన ఆ ఊరికి వెళ్లాడు. బ్రిటిష్ వాళ్ల సర్వే బృందంలో ఆయన డాక్టరు, జియాలజిస్ట్ కూడా. అక్కడి కొలుముల దగ్గర ఆయనకి ఒక పర్షియన్ వ్యాపారి కనిపించాడు. ఎక్కడి నుంచి వచ్చాడో తెలుసా? ఇస్ఫహాన్ నుంచి, అంటే ఇప్పటి ఇరాన్ నుంచి. రైళ్లు లేవు, విమానాలు లేవు. వేల కిలోమీటర్లు దాటి ఆయన ఈ చిన్న ఊళ్లో వచ్చి కూర్చున్నాడు. ఎందుకు? ఇక్కడ దొరికే ఒక పదార్థం కోసం.

ఆ పదార్థం ఏంటి, అది ఎందుకు అంత గొప్పది, తర్వాత ఏమైంది... ఇది అర్థం కావాలంటే ముందు రాయి దగ్గర్నుంచి రావాలి. రండి.

ఇప్పటివరకు దొరికిన అన్నిటికంటే పాత రాతి పనిముట్లు కెన్యాలో ఉన్నాయి. తుర్కానా సరస్సుకి పడమటి వైపు లొమెక్వి అనే చోట 2011లో బయటపడ్డాయి. వయసు 33 లక్షల ఏళ్లు. ఇందులో ఒక వింత ఉంది. మన ‘హోమో’ ప్రజాతికి చెందిన పాత శిలాజం ఇప్పటికి దొరికింది సుమారు 28 లక్షల ఏళ్ల నాటిది. అంటే పనిముట్టు మనకంటే ముందే పుట్టిందన్నమాట! మనిషి పనిముట్టు చేశాడు అంటాం గానీ, పనిముట్టే మనిషిని చేసింది అన్నా పెద్ద తప్పు కాదేమో.

సరే, రాయిని రాయితో కొడితే పనిముట్టు వచ్చేస్తుందా? మీరు ఇంటి వెనక ట్రై చేసి చూడండి (కళ్లకి అద్దాలు పెట్టుకుని!). గట్టిగా కొడితే రాయి ముక్కలైపోతుంది, లేకపోతే మీ వేలు చితుకుతుంది. పదునైన పెచ్చు ఊడి రావాలంటే రాయి అంచు ఏ కోణంలో ఉంది, దెబ్బ ఎక్కడ పడాలి అనేది తెలియాలి. అన్ని రాళ్లూ పనికిరావు. ఏ రాయి పనికొస్తుందో చూపు పట్టాలి. అంటే మొదటి రోజు నుంచీ పదార్థం ఒక్కటే చాలలేదు. దాని గుణం తెలిసిన చెయ్యి కావాలి. ఈ మాట గుర్తుపెట్టుకోండి, చివరి దాకా పనికొస్తుంది.

తర్వాత చేతిగొడ్డలి వచ్చింది. నీటి చుక్క ఆకారంలో, రెండు వైపులా చెక్కిన రాయి. మనకి దగ్గర్లోనే, చెన్నై పక్కన అత్తిరంపాక్కంలో దొరికినవి సుమారు 15 లక్షల ఏళ్ల నాటివి. రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే జియాలజిస్ట్ 1863లో అక్కడ తొలిసారి వాటిని గుర్తించాడు. ఈ చేతిగొడ్డలి డిజైన్ ప్రపంచంలో పది లక్షల ఏళ్లకి పైగా నడిచింది. మన ఫోన్ మోడల్ రెండేళ్లు నిలవట్లేదు!

ఇక్కడ చిన్న అనుమానం రావాలి మీకు. ఆ రోజుల్లో అంతా రాయేనా? కాదు. కర్ర, వెదురు, ఎముక, తోలు, నార... ఇవన్నీ వాడే ఉంటారు. కానీ అవి కుళ్లిపోతాయి, రాయి మిగులుతుంది. జర్మనీలో షోనింగన్ అనే చోట నీళ్లు నిండిన మట్టిలో కూరుకుపోవడం వల్ల కొన్ని చెక్క ఈటెలు మిగిలాయి. రెండు, మూడు లక్షల ఏళ్ల నాటివని అంచనా. ముందు వైపు బరువు ఉండేలా చక్కగా చెక్కారు. అలాంటివి ఇంకెన్ని మట్టిలో కలిసిపోయాయో!

మరి ‘రాతి యుగం, కంచు యుగం, ఇనుప యుగం’ అనే పేర్లు ఎలా వచ్చాయి? డెన్మార్క్ మ్యూజియంలో క్రిస్టియన్ థామ్సన్ అనే ఆయన ఉండేవాడు. కుప్పలు కుప్పలుగా ఉన్న పాత వస్తువుల్ని ఎలా సర్దాలా అని ఆలోచించి, పదార్థాన్ని బట్టి మూడు భాగాలు చేశాడు. 1836లో అచ్చయిన గైడ్ పుస్తకంలో ఆ పద్ధతి వివరించాడు. మనం స్కూల్లో చదివిన యుగాలు మ్యూజియం అరలు సర్దడం కోసం పుట్టినవి. మంచి పద్ధతే. కాకపోతే ఒకరోజు రాతి యుగం అయిపోయి మర్నాడు పొద్దున్నే కంచు యుగం మొదలైంది అనుకోకండి.

దీనికి మంచి ఉదాహరణ ఓట్జీ. 1991లో ఆస్ట్రియా, ఇటలీ సరిహద్దు దగ్గర ఆల్ప్స్ మంచులో ఒక మనిషి శవం దొరికింది. ఎవరో ట్రెక్కింగ్‌లో చనిపోయారు అనుకున్నారు మొదట. తీరా చూస్తే సుమారు 5,300 ఏళ్ల నాటి మనిషి! ఆయన దగ్గర రాగి గొడ్డలి ఉంది. దాదాపు స్వచ్ఛమైన రాగి. ఆ రాగి ఇటలీలోని టస్కనీ ప్రాంతపు ఖనిజం నుంచి వచ్చిందని తేల్చారు. కానీ అదే మనిషి నడుముకి చెకుముకి రాతి బాకు కూడా ఉంది. గొడ్డలికి చెక్క పిడి, బిగించడానికి తోలు పట్టీ, అతకడానికి బిర్చ్ చెట్టు నుంచి తీసిన తారు. ఆయన ఏ యుగం మనిషి? రాయి, రాగి, చెక్క, తోలు, జిగురు... అన్నీ ఒకే ఒంటి మీద ఉన్నాయి. ఇప్పుడు మనం ఫోన్ జేబులో పెట్టుకుని ఇంట్లో రాతి రోట్లో పచ్చడి నూరుకోవట్లేదా? అలాగే.

ఇప్పుడు అసలు మలుపు చూద్దాం. నన్నడిగితే పనిముట్ల చరిత్రలో పెద్ద మలుపు నిప్పు. అది కూడా లోహాలకంటే చాలా ముందే.

దక్షిణాఫ్రికాలో పినకిల్ పాయింట్ అనే గుహల్లో సుమారు 72,000 ఏళ్ల నాటి రాతి పనిముట్లు దొరికాయి. పరిశోధకులు అదే రకం రాయి తెచ్చి కొట్టి చూశారు. అంత సన్నని పెచ్చులు రాలేదు. తర్వాత ఆ రాయిని నిప్పు కింద ఇసుకలో పాతిపెట్టి, నెమ్మదిగా వేడి చేసి, నెమ్మదిగా చల్లార్చి కొట్టారు. అప్పుడు చక్కగా వచ్చింది. అంటే ఆ పాతకాలం మనుషులు నిప్పుతో రాయి గుణాన్నే మార్చేశారు. దొరికిన పదార్థాన్ని దొరికినట్టు వాడటం ఒక మెట్టు. దాన్ని మార్చుకుని వాడటం ఇంకో మెట్టు. ఆ రెండో మెట్టు ఎక్కినవాళ్ల వారసులమే మనం.

అక్కడ నుంచి కథ మొత్తం ‘ఇంకా ఎంత వేడి చేయగలం’ అనే ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. రాగి కరగాలంటే 1,085 డిగ్రీల సెల్సియస్ కావాలి. మామూలు పొయ్యి మీద ఆ వేడి రాదు. బొగ్గు కావాలి, గాలి ఊదాలి. పైగా ఆకుపచ్చటి రాగి ఖనిజంలో రాగి ఆక్సిజన్‌తో కలిసిపోయి ఉంటుంది. బొగ్గు ఇక్కడ రెండు పనులు చేస్తుంది. ఒకటి వేడినివ్వడం. రెండోది, ఖనిజంలోని ఆక్సిజన్‌ని లాగేసుకుని రాగిని వదిలేయడం. సెర్బియాలో బెలోవోడె అనే చోట సుమారు 7,000 ఏళ్ల కిందటే ఇలా రాగి తీశారు. కెమిస్ట్రీ అనే పేరు పుట్టక ముందే చేతులకి కెమిస్ట్రీ వచ్చింది.

రాగి మెత్తన. అందులో పదో వంతు తగరం కలిపితే కంచు. ‘కంచు కంఠం’ అంటామే, ఆ కంచు. గట్టిగా ఉంటుంది, రాగికంటే తక్కువ వేడికే కరుగుతుంది, అచ్చులో బాగా పారుతుంది. మరి సమస్య ఏంటి? తగరం అన్ని చోట్లా దొరకదు. 1982లో టర్కీ తీరంలో ఉలుబురున్ దగ్గర స్పాంజీల కోసం మునిగే ఒకాయనకి మునిగిపోయిన పడవ కనిపించింది. 3,300 ఏళ్ల నాటిది. అందులో సుమారు పది టన్నుల రాగి, ఒక టన్ను తగరం. లెక్క చూడండి, పదికి ఒకటి. సరిగ్గా కంచు రెసిపీ! అంటే కంచు కత్తి కావాలంటే సముద్రాలు దాటే వ్యాపారం ఉండాలి. ఇప్పుడు చిప్స్ కోసం దేశాలు ఒకదానిమీద ఒకటి ఆధారపడుతున్నాయని వార్తల్లో వింటున్నాం కదా, అది కొత్త కథేం కాదు.

ఇనుము దగ్గరికి వద్దాం. భూమిలో ఇనుప ఖనిజానికి కొదవ లేదు. కానీ మొదట్లో మనిషి వాడిన ఇనుము ఆకాశం నుంచి పడింది! ఈజిప్ట్ రాజు టుటన్‌ఖామున్ సమాధిలో ఒక ఇనుప బాకు ఉంది. 2016లో ఎక్స్‌రే పద్ధతిలో పరీక్షిస్తే అందులో నికెల్ బాగా ఎక్కువగా ఉందని తేలింది. అంటే అది ఉల్క నుంచి తీసిన ఇనుము. బంగారంతో సమానంగా రాజు పక్కన పెట్టారంటే ఆ రోజుల్లో ఇనుము ఎంత అరుదో అర్థం చేసుకోండి.

ఎందుకంత అరుదు? ఇనుము కరగడానికి 1,538 డిగ్రీలు కావాలి. పాతకాలం కొలిమికి అది అందదు. అందుకని ఇనుమును కరిగించకుండానే తీశారు. ఖనిజాన్ని బొగ్గుతో కలిపి కాలిస్తే, స్పాంజిలాంటి ముద్ద వస్తుంది. దాని నిండా చిట్టెం ఉంటుంది. ఎర్రగా ఉన్నప్పుడే సుత్తితో బాది బాది ఆ చిట్టెం బయటికి పంపాలి. అప్పుడు మెత్తని ఇనుము చేతికొస్తుంది. నాగలి కర్రుకి, మేకుకి సరే. కత్తికి మాత్రం పదును నిలవదు.

పదును నిలవాలంటే అందులోకి కొంచెం కార్బన్ వెళ్లాలి. ఆ ‘కొంచెం’ దగ్గరే ఉంది అంతా. 0.1 శాతం కంటే తక్కువైతే మెత్తన. మూడు నాలుగు శాతం అయితే పోత ఇనుము, కింద పడితే పగులుతుంది. మధ్యలో సన్నని దారి ఉంది. దాని పేరే ఉక్కు.

ఇప్పుడు కోనసముద్రం వెళ్దాం.

మన వాళ్లు చేసిన పని ఇది. ఇనుప ముక్కల్ని మట్టితో చేసిన చిన్న మూసలో పెట్టారు. మూస అంటే కరిగించే పాత్ర. ‘మూస సినిమా, మూస కథ’ అంటాం కదా, ఆ మూసే. ఆ మట్టిలో వరి ఊక కలిపేవాళ్లు. ఊక మాడి, మూస పెద్ద వేడికి పగలకుండా తట్టుకునేది. వోయ్‌సీ రాసిన ప్రకారం కోనసముద్రంలో రెండు వేర్వేరు చోట్ల నుంచి వచ్చిన ఇనుమును 3కి 2 పాళ్లలో కలిపేవాళ్లు. దక్షిణాదిలో ఇంకొన్ని చోట్ల తంగేడు కట్టె, జిల్లేడు ఆకులు కూడా మూసలో వేసేవాళ్లు. కార్బన్ అక్కడి నుంచి వచ్చేది. అవునండీ, మన బతుకమ్మలో పెట్టే తంగేడే!

మూస మూతిని మట్టితో మూసేసి, కొలిమితిత్తులతో గాలి ఊదుతూ ఒక పగలూ ఒక రాత్రీ, 24 గంటలు మంట ఆగకుండా చూసేవాళ్లు. కార్బన్ కలిసేకొద్దీ ఇనుము కరిగే వేడి తగ్గుతుంది. అందుకే మిగతా ప్రపంచంలో చాలామందికి అందని పని ఆ చిన్న మూసలో జరిగేది. ఇనుము పూర్తిగా కరిగి, చిట్టెం పైకి తేలి, కార్బన్ అంతటా సమానంగా సర్దుకునేది. తర్వాత నెమ్మదిగా చల్లార్చాలి. తొందరపడితే పాడు. ఆ తర్వాత ఆ ముద్దల్ని మట్టి పూసి మళ్లీ మళ్లీ కాచి మెత్తబరిచేవాళ్లు. అప్పుడే సుత్తి దెబ్బకి పగలకుండా సాగుతాయి. థర్మామీటర్ లేదు, ల్యాబ్ లేదు. మంట రంగు చూసే కన్నే థర్మామీటర్.

అలా వచ్చిన ఉక్కులో కార్బన్ సుమారు ఒకటిన్నర శాతం. దాంతో పర్షియా, సిరియా ప్రాంతాల్లో కత్తులు చేస్తే వాటి మీద నీటి అలల్లాంటి గీతలు వచ్చేవి. డమాస్కస్ కత్తులని పేరు. 17వ శతాబ్దంలో ఇక్కడ తిరిగిన ఫ్రెంచ్ వ్యాపారి తవెర్నియే కూడా, అలాంటి కత్తులకి కావాల్సిన ఉక్కు గోల్కొండ రాజ్యం నుంచే వెళ్తుందని రాశాడు. తమ దేశంలో ఇది చేయాలని చూసి కుదరలేదని ఆ పర్షియన్ వ్యాపారులే ఒప్పుకున్నారని వోయ్‌సీ రాశాడు. అందుకే ఆ ఇస్ఫహాన్ వ్యాపారి కోనసముద్రంలో కూర్చున్నది!

ఇంగ్లండ్ వాళ్లకీ ఇదొక పజిల్ అయింది. 1794లో బొంబాయి నుంచి నమూనాలు లండన్ రాయల్ సొసైటీకి వెళ్లాయి. 1795లో జార్జ్ పియర్సన్ దాని మీద పేపర్ చదివాడు. వాళ్లు దాన్ని ‘వుట్జ్’ అన్నారు. మన ‘ఉక్కు’ అనే మాటే వాళ్ల నోట్లో అలా మారిందని చాలామంది పండితుల అభిప్రాయం. తర్వాత ఇంకెవరు దీని మీద పడ్డారో తెలుసా? మైఖేల్ ఫారడే! కరెంటు పాఠంలో చదివే ఫారడేనే. ఆయన తండ్రి కమ్మరి. 1819 నుంచి కొన్నేళ్లు ఫారడే, స్టోడార్ట్ అనే కత్తుల తయారీదారుతో కలిసి ఈ ఉక్కు రహస్యం కోసం ప్రయోగాలు చేశాడు.

మరి అంత గొప్ప ఉక్కు ఇప్పుడెక్కడ?

పోయింది. 1856లో ఇంగ్లండ్‌లో బెసెమర్ కొత్త పద్ధతి కనిపెట్టాడు. కరిగిన ఇనుములోకి గాలి ఊది టన్నుల లెక్కన ఉక్కు తీయడం మొదలైంది. మన మూసలో ఒక రోజంతా కష్టపడితే వచ్చేది చిన్న ముద్ద. చవక ఉక్కు ఓడల్లో వచ్చింది. కత్తులకి గిరాకీ తగ్గింది. కొలుములు ఒక్కొక్కటే చల్లారాయి. నిజమే, రైలు పట్టాలు, వంతెనలు చవక ఉక్కుతోనే వచ్చాయి. అది కాదనలేం. కానీ కొలిమి ఆరినప్పుడు దాంతో పాటు ఆ చెయ్యి నేర్చిన విద్య కూడా ఆరిపోయింది. తండ్రి చేస్తుంటే కొడుకు చూసి నేర్చుకునేది. ఒక్క తరం మానేస్తే చాలు, దారం తెగిపోతుంది.

ఆ తెగిన దారాన్ని మళ్లీ కలపడానికి ఎంత కష్టమైందో చూడండి. అమెరికాలో జాన్ వెర్హోవెన్ అనే మెటలర్జీ ప్రొఫెసర్, ఆల్ఫ్రెడ్ పెండ్రే అనే కత్తులు చేసే కమ్మరి కలిసి ఏళ్ల తరబడి ప్రయోగాలు చేశారు. ఖనిజంలో వనేడియం లాంటి మూలకాలు అతి కొంచెంగా ఉండటం వల్లే ఆ అలల గీతలు వస్తున్నాయని 1990లలో చూపించారు. గమనించండి, ప్రొఫెసర్ ఒక్కడి వల్ల కాలేదు. పక్కన కమ్మరి ఉండాల్సి వచ్చింది.

సరే, మళ్లీ ఫోన్ దగ్గరికి వద్దాం. చిప్‌లోని సిలికాన్ కరిగేది 1,414 డిగ్రీల దగ్గర. అంటే రాగికి ఎక్కువ, ఇనుముకి తక్కువ. సిలికాన్ భూమ్మీద ఎక్కడ చూసినా ఉంటుంది, ఇసుకలో కూడా ఆక్సిజన్‌తో కలిసి ఉంటుంది. కానీ చిప్‌కి కావాల్సిన శుద్ధి 99.9999999 శాతం. పోలండ్ శాస్త్రవేత్త చొక్రాల్‌స్కీ 1916లో కనిపెట్టిన పద్ధతిలో, కరిగిన సిలికాన్‌లోంచి ఒకే స్ఫటికాన్ని నెమ్మదిగా పైకి లాగుతారు. ఆ సిలికాన్‌ని దేంట్లో కరిగిస్తారు? మూసలో! స్వచ్ఛమైన క్వార్ట్జ్‌తో చేసిన మూస. ఆ క్వార్ట్జ్‌కి అమెరికాలోని స్ప్రూస్ పైన్ అనే చిన్న ఊరు పేరుమోసింది. 2024 సెప్టెంబర్‌లో హెలీన్ తుఫాను వచ్చి ఆ ఊరి గనులు ఆగితే ప్రపంచం అంతా కంగారు పడింది. ఒకప్పుడు కోనసముద్రం, ఇప్పుడు స్ప్రూస్ పైన్. చిన్న ఊరు, దాన్ని నమ్ముకుని పెద్ద ప్రపంచం.

సో ఫ్రెండ్స్, ఇవాళ నేను చెప్పాలనుకున్నది ఇదే. ఖనిజం అక్కడే ఉంది. తంగేడు అక్కడే ఉంది. ఊక అక్కడే ఉంది. లేనిది వాటిని ఉక్కుగా మార్చే చెయ్యి. పదార్థం భూమిలో ఉంటుంది, విద్య మనుషుల్లో ఉంటుంది. మనుషులు పోతే అదీ పోతుంది.

మీ ఊళ్లో ఇంకా కొలిమి పెట్టే కమ్మరి ఉన్నారా? కుమ్మరి, వడ్రంగి, కంచరి ఉన్నారా? బుట్టలల్లే పెద్దమ్మ ఉందా? ఈ సెలవుల్లో వెళ్లి వాళ్ల దగ్గర ఒక గంట కూర్చోండి. ‘తాతా, ఇది సరిగ్గా కాలిందని నీకెలా తెలుస్తుంది?’ అని అడగండి. జవాబు మాటల్లో చెప్పలేకపోతే చేసి చూపించమనండి. మీ చేతిలో ఉన్న ఫోన్‌తోనే, వాళ్ల అనుమతి తీసుకుని, పూర్తిగా రికార్డ్ చేయండి. రీల్ కోసం ముప్ఫై సెకన్లు కట్ చేయకండి, మొత్తం తీయండి. వోయ్‌సీ కోనసముద్రంలో కొన్ని పేజీలు రాసుకున్నాడు కాబట్టే ఇవాళ మనం ఈ మాత్రం చెప్పుకుంటున్నాం. మీ దగ్గర కెమెరా ఉంది.

మీ ఊళ్లో అలాంటి పని ఏది మిగిలి ఉందో కామెంట్లలో రాయండి, తప్పకుండా చదువుతాను. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. అంతవరకూ సెలవు. నమస్తే.